క్రొత్త పాటకు తావు వెదకు విధము

పాట పాడుట యొక విద్య. ఆ పాటను వినదగినవారి చెవికి చేర్చుట మఱియొక విద్య. మొదటిదానిని నేర్పుటకు గురువులు గలరు. రెండవదానిని నేర్పువారు అరుదు. మా పాఠశాలలో హార్మోనియము, వయొలిను, గిటారు అభ్యసించు బాలబాలికలలో కొందఱు ఇప్పుడు తమ పాటలను తామే రికార్డు చేసి అంతర్జాలమునందు విడుదల చేయుచున్నారు. అటుపిమ్మట వారు మమ్మడుగు ప్రశ్న యొక్కటే: “అయ్యగారూ, పాట పెట్టితిమి; వినువా రేరి?” తలిదండ్రుల ప్రశ్న వేఱు: “ఇంత సొమ్మిచ్చినచో ఇన్నివేలమంది విందురని ఎవరో వ్రాసినారు, ఇయ్యవచ్చునా?” ఈ రెండు ప్రశ్నలకును మాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట మాటల యర్థము చెప్పవలెను. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్, జియోసావన్ మొదలగు సేవలలో లెక్కకు మిక్కిలియైన పాటలు నిలువ యున్నవి. స్పాటిఫై యొక్కదానియందే పదికోట్లకు మించినవి కలవు. అన్నిటిలో తనకు వలసినదానిని ఏరుకొనుట శ్రోతకు అలవి కాదు. అందుచే ఒక రుచికో, ఒక వేళకో తగినట్లు పాటలను ముందే వరుసగా కూర్చి యుంచుదురు. తెల్లవాఱుజామున వినదగినవి, చదువుకొనునప్పుడు వినదగినవి, పల్లెపాటలు, వీణపాటలు, ఇట్లు. ఈ కూర్పునకు ప్లేలిస్టు అని పేరు. మేము పాటల పట్టిక యందుము. కూర్చువానిని క్యురేటరందురు, మేము పట్టికకర్త యందుము.

పట్టికకర్తలు మూడు తెగలవారు. సేవను నడుపు సంస్థవారి జీతగాండ్రు ఒక తెగ. వీరికి పాటను విన్నవించుకొనుటకు స్పాటిఫైవారు 2018వ సంవత్సరమునుండి ఒక వాకిలి తెఱచి యుంచినారు. రుసుము లేదు, పాట మాత్రము ఇంకను విడుదల కానిదై యుండవలెను. విడుదలకు కనీసము 7 దినములు ముందుగా పంపినచో, ఆ గాయకుని అనుసరించువారికి వచ్చు క్రొత్త పాటల పట్టికలో అది చేరును. రెండవ తెగ యంత్రమే: 2015 జూలైలో ఆరంభమైన డిస్కవర్ వీక్లీ యనునది ప్రతి సోమవారమును ఒక్కొక్క శ్రోతకు వేఱువేఱుగ పట్టికను కూర్చి యిచ్చును. మూడవ తెగవారు స్వతంత్రులు. కళాశాల విద్యార్థి, కాఫీ దుకాణదారు, రాత్రివేళ మేలుకొని పాటలు వెదకుటయే సరదాగా గల గుమాస్తా: ఇట్టివారు తమ యిష్టముకొలది కూర్చిన పట్టికలను వేలమంది అనుసరించుట కలదు. క్రొత్త గాయకుడు ఉత్తరము వ్రాసి పలుకరింపగలిగినది ముఖ్యముగా వీరినే గనుక మా మాట వారిని గుఱించియే.

ఒక్క పట్టిక యేమి చేయగలదో చూపుటకు న్యూజీలండు బాలిక కథను తఱచుగ చెప్పుదురు. ఆక్లండు నగరప్రాంతమునకు చెందిన ఎల్లా యెలిచ్ ఓకానర్ అను బాలిక, లార్డ్ అను పేరుతో తన మొదటి యైదు పాటలను 2012 నవంబరులో వెల లేకయే అంతర్జాలమునందు విడిచెను. అప్పటి కామెకు పదునాఱేండ్లు. 2013 ఏప్రిల్‌లో షాన్ పార్కర్ అను నతడు హిప్‌స్టర్ ఇంటర్నేషనల్ అను తన పట్టికలో ఆమె ‘రాయల్స్’ పాటను చేర్చెను. ఆ యేటి అక్టోబరులో ఆ పాట అమెరికా దేశపు బిల్‌బోర్డ్ వరుసలో ప్రథమస్థానము నందుకొని తొమ్మిది వారములు నిలిచెను. ఇదియంతయు పట్టిక మహిమయే యని మేమనము; పాటలో పస లేనిచో రెండవమాఱు వినువా రుండరు. పార్కరు సామాన్యుడును కాడు: 1999లో నాప్‌స్టర్‌ను స్థాపించినవారిలో నొకడు, స్పాటిఫైలో సొమ్ము పెట్టినవాడు. సామాన్య పట్టికకర్తవలన నూఱుమందియో, వేయిమందియో క్రొత్త శ్రోతలు కలుగుదురు. అదియు కొద్దిపాటి లాభము కాదు. వేయిమంది యనగా మా పాఠశాల సభామందిరము నిండి, మిగిలినవారు వరండాలలో నిలువబడవలసినంత సభ.

ఇక ఏ పాటకు ఏ పట్టికకర్త తగును? పెండ్లిండ్ల పేరయ్య సంబంధము చూచునప్పుడు వరుని ఒక్కని మంచిచెడ్డలు విచారించి ఊరకుండడు. వారి బంధువులెవరు, ఏ యిండ్లతో వియ్యమందినారు, రాకపోక లెవరితో అని ఆరా తీయును. పాటల పేరయ్యలు చేయుపనియు నిట్టిదే. “మీ పాట యెట్లుండును?” అని యడిగిన, గాయకుడు “మధురముగ నుండును, హృదయమునకు హత్తుకొనును” అని చెప్పును. ఆ మాటలవలన పట్టికకర్తకు తెలిసిన దేమియు లేదు. “ఫలాని ఇద్దఱు గాయకులను విను వారు నా పాటను విందురు” అని చెప్పినచో క్షణములో గ్రహించును. ఏలయన ఆ యిద్దఱి పాటలు తన పట్టికలో ఇదివఱకే యుండవచ్చును.  ఇట్లు సరిపోల్చదగిన గాయకులను ఆధారము చేసికొని గాయకునికిని పట్టికకర్తకును పొత్తు కుదుర్చు సేవలు ఇప్పుడు పలువున్నవి.

ఈ పోలికను ఎట్లు కనిపెట్టుదురన్నది చదువరులకు వేడుక గొలుపు విషయము. అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు (ఎం. ఐ. టి.) ఉపేంద్ర శార్దానంద్, ప్యాటీ మేస్ అను ఇరువురు 1994లో రింగో యను ఒక సేవను నెలకొల్పిరి. అది ఈ-మెయిలు ద్వారా నడచెడిది. గాయకుల పేర్లు పంపినచో శ్రోత ఒక్కొక్కరికి 1 మొదలు 7 వఱకు మార్కులు వేసి తిరుగటపాలో పంపవలెను. ఎవరి మార్కులు ఎవరి మార్కులతో కలియుచున్నవో యంత్రము చూచి, ఒకని కిష్టమైనదానిని అట్టి రుచియే గల మఱియొకనికి చెప్పెడిది. సంగీతమును యంత్రము వినలేదు. మనుష్యుల రుచులను మాత్రమే పోల్చినది. తాము చేసినది నోటిమాటను యంత్రమున కప్పగించుట యని వారే తమ పరిశోధన పత్రమునకు పేరు పెట్టినారు. తరువాత 2002లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థి రిచర్డ్ జోన్స్ ఆడియోస్క్రాబ్లర్ అను దానిని తయారుచేసెను. ఇందులో మార్కులు వేయు పనియు లేదు. శ్రోత తన కంప్యూటరులో ఏ పాట వినిన ఆ పేరు తనంత తానే లెక్కలో పడును. అది 2005లో లాస్ట్ ఎఫ్ఎం అను సేవతో కలిసిపోయినది.

లెక్క యెట్లున్నదో చూతము. పై తరగతి విద్యార్థులు కాగితము కలము తీసికొనవచ్చును. ఒక క్రొత్త గాయకునికి నెలకు 200 మంది శ్రోతలు గలరనుకొందము. అతనివంటి మఱియొక గాయనికిని 200 మందియే. ఇరువురిని వినువారు 60 మంది. దేశమంతట పేరుగన్న మఱియొక గాయకునికి 10,00,000 మంది శ్రోతలు. మన క్రొత్త గాయకుని 200 మందిలో 150 మంది ఇతనిని గూడ విందురు. పైపైన జూచిన, 60 కంటె 150 హెచ్చు గాన మనవానికి ప్రసిద్ధగాయకుడే దగ్గఱి చుట్టమని తోచును. అది పొరపాటు. పేరుగన్నవానిని అందఱును విందురు. అందువలన చుట్టఱికము తేలదు. కావున ఉభయులకు ఉమ్మడిగా నున్న శ్రోతలను, ఇరువురిలో నెవరినైనను వినువారి మొత్తముచేత భాగింపవలెను. మొదటి జంటలో మొత్తము 200 + 200 – 60 = 340; అందు ఉమ్మడి 60, అనగా నూటికి సుమారు 18. రెండవ జంటలో మొత్తము 10,00,050. అందు ఉమ్మడి 150, అనగా లక్షకు 15. ఇప్పుడు చుట్ట మెవరో తెలిసినది.

ఈ భాగహారము సంగీతజ్ఞులు కనిపెట్టినది కాదు. పాల్ జకార్డ్ అను స్విట్జర్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్ప్స్ పర్వతసీమలలో ఒకచోటి మొక్కల జాతులకును మఱియొకచోటి జాతులకును ఎంత పోలికయో తెలిసికొనుటకై 1901లో దీనిని ప్రకటించెను. కొండమీది గడ్డిపూల లెక్క నూఱేండ్లు దాటిన పిమ్మట పాటల పేరయ్యలకు పనికివచ్చుట మాకు ముచ్చటగ నున్నది. నేటి సంస్థల లెక్కలు ఇంతకంటె చిక్కువి. మూలమున నున్న తలంపు మాత్ర మిదియే.

దీనినుండి తేలునదేమన, ఈ పోలిక గాయకుల గొంతులను గుఱించి కాక శ్రోతల అలవాటులను గుఱించి చెప్పును. ఒకే ఊరిలో, ఒకే కచేరిలో పాడిన ఇద్దఱు, పాటలో ఏమాత్రము పోలిక లేకున్నను, లెక్కలో చుట్టములు కావచ్చును. పట్టికకర్తకు గావలసినదియు శ్రోతలే కనుక ఇది తప్పనరాదు. గాయకుడు మాత్రము ఆ భేదమును ఎఱిగి యుండవలెను.

వేయి చిక్కులకు మూలమైన తప్పు ఒకటి కలదు. క్రొత్తవా రెవరినడిగినను “నేను ఘంటసాలవారి ఫక్కీ”, “నేను బాలసుబ్రహ్మణ్యముగారి ఫక్కీ” అందురు. భక్తికి మెచ్చుకొనవచ్చును, వెదకులాటకు పనికిరాదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) చలనచిత్రగీతములు పాడిరి, నాటకఫక్కీని పద్యములు పాడిరి, భగవద్గీత పాడిరి. బాలసుబ్రహ్మణ్యముగారు (1946–2020) పలుభాషలలో వేలకొలది పాటలు, భక్తిగీతమునుండి హాస్యగీతమువఱకు పాడిరి. వారివలె నుందునన్న, వానిలో దేనివలెనో తెలియదు. వారి శ్రోతలన్న, తెలుగువారందఱును. పై లెక్కలో లక్షకు 15 వచ్చినది ఇట్టిచోటనే. తనకంటె రెండు మెట్లు పైనున్నవారిని, తనవలెనే స్వతంత్రముగ పాటలు వెలువరించువారిని, అయిదాఱుగురిని ఎన్నుకొనుట మేలు. వారి పాటలను చేర్చుకొనిన పట్టికకర్త పేరులేనివారికిని తావిచ్చువాడని అంతమాత్రముననే తెలియుచున్నది.

అసలు శ్రోతలే లేని మొదటి పాటకు పోలిక యెట్లు? లెక్కించుటకు ఉమ్మడి శ్రోతలుండరు గదా. ఇచ్చట పాటనే వినవలసివచ్చును. మన కీర్తనల పుస్తకములలో పాటపైన రాగమును తాళమును వేయు ఆచారము చాల పూర్వమునుండి కలదు. అదియు నొక పోలిక పట్టికయే. అమెరికాలో పండోరా సంస్థవారు 2000వ సంవత్సరమున మొదలుపెట్టిన మ్యూజిక్ జీనోమ్ ప్రాజెక్టునందు సంగీతము నేర్చినవారు కూర్చుండి ఒక్కొక్క పాటను విని, గొంతు, లయ, వాద్యములు మొదలగు గుణములను, సుమారు 450 వఱకు, గుర్తించిరి. 2013లో బెల్జియము దేశపు ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాట ధ్వనినిబట్టియే దాని శ్రోతలెట్టివారగుదురో యంత్రముచే ఊహింపజేయు విధమును ప్రకటించిరి. ఇవి మన చేతిలోనివి కావు. మన చేతిలోని ఉపాయము సులువైనది: పాడినవారి పేరు చెప్పక, బంధువులు కాని పదిమందికి ఆ పాటను వినిపించి, “ఎవరు జ్ఞప్తికి వచ్చుచున్నారు?” అని యడుగుట. బంధువులు వలదనుటకు కారణము వేఱుగ చెప్పనక్కఱలేదు.

పేర్లు దొరకిన పిమ్మట, స్పాటిఫైలో గాయకుని పుటను చూచినచో ‘ఫ్యాన్స్ ఆల్సో లైక్’ అను శీర్షికక్రింద చుట్టముల పేర్లు కనబడును. అచ్చటినుండి వారి పాటలున్న పట్టికలను వెదకవలెను. ఈ చుట్టఱికపు సమాచారమును క్రొత్తగా తయారగు బయటివారి యంత్రములకు ఇచ్చుట 2024 నవంబరులో స్పాటిఫైవారు మానుకొనిరి. కావున పొత్తు కుదుర్చు సేవవారెవరైనను “మా పోలికలు అచ్చముగ నున్నవి” అని చెప్పినచో అవి యెచ్చటినుండి వచ్చినవో అడుగుట యుక్తము. పట్టిక దొరకగనే ఉత్తరము వ్రాయరాదు. మొదట దానిని వినవలెను. ఇటీవల పాటలు చేర్చినారా, రెండేండ్లుగా మూలబడి యున్నదా? పాటలన్నియు ఒకే రుచివా, లేక పంజాబీ పాట ప్రక్కన జర్మను పాట, దాని ప్రక్కన నిద్రపుచ్చు వానచప్పుడు, ఇట్లు కలగాపులగమా? రెండవ విధమైనచో ఆ పట్టికకు మనుష్యుడు కర్త యగునా యని సందేహింపవలెను.

ఇక తలిదండ్రుల ప్రశ్న. సొమ్ము పుచ్చుకొని పాట వేయుట క్రొత్త దురాచారము కాదు. అమెరికా రేడియోలలో దీనికి పేయోలా యని పేరు. 1959లో ఈ విషయమున పెద్ద అలజడి లేచెను. 1960లో ఆ దేశపు కాంగ్రెసు, రహస్యముగ సొమ్ము తీసికొని పాట వేయుటను నేరముగ చేసినది. ప్రఖ్యాతుడైన రేడియో ప్రయోక్త అలన్ ఫ్రీడ్ 1962లో నేరము ఒప్పుకొని 300 డాలర్ల జుల్మానా చెల్లించెను. అతని ఉద్యోగజీవితము మరల లేవలేదు. నేటి పట్టికలలో తావు కొనుటను స్పాటిఫై నిబంధనలు నిషేధించుచున్నవి.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. 2015లో ఆరంభమైన సబ్మిట్‌హబ్ వంటి సేవలలో గాయకుడు చెల్లించు చిన్న రుసుము పట్టికకర్త పాటను విని యభిప్రాయము చెప్పుటకే, చేర్చుకొనుటకు కాదు. కాదనుటకు అతనికి పూర్తిస్వేచ్ఛ కలదు. పరీక్షకు రుసుము కట్టుట వేఱు, మార్కులు కొనుట వేఱు. “ఇంత యిచ్చిన 10,000 మాఱులు వినబడును” అని ముందే లెక్క చెప్పువాడు మార్కు లమ్మువాడు. మనుష్యులు ఇన్నిమాఱులు విందురని మాట యిచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. యంత్రములచే వినిపించువానికే అది సాధ్యము. దాని ఫలమేమి? 2024నుండి స్పాటిఫైలో గడచిన 12 నెలలలో 1,000 మాఱులైనను వినబడని పాటకు రాబడి లేదు. ఈ నిబంధనకు భయపడి కొందఱు దొంగలెక్కలు కొనుచున్నారు. ఆ యేటినుండియే, దొంగవినికిడి మితిమీఱి పట్టుబడిన పాటకు, దానిని తెచ్చి యిచ్చిన మధ్యవర్తి సంస్థవద్ద అపరాధము వసూలు చేయుచున్నారు. మధ్యవర్తి ఆ సొమ్మును గాయకునినుండి రాబట్టుటయు, పాటను తీసివేయుటయు కలదు. అంతకంటె పెద్ద నష్టము ఇంకొకటి కలదు. దానిని గుఱించి అమ్మువారు చెప్పరు. యంత్రశ్రోతలు మన పాటతోబాటు ఏ దేశపు ఏ పాటలను వినుచున్నారో, ఆ పాటలు మనకు లెక్కలో చుట్టములైపోవును. నిజమైన పోలిక చెడిపోయిన తరువాత, పాట ఎవరికి చెప్పవలెనో యంత్రమునకు తెలియదు. కావున, ఇయ్యవచ్చునా యని యడిగిన తలిదండ్రులకు మా సమాధానము: ఇయ్యరాదు.

తెలుగు పాటలకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. స్పాటిఫై మన దేశమున ఆరంభమైనది 2019 ఫిబ్రవరిలోనే. మనవారు వినునది అధికభాగము చలనచిత్రగీతములే. ఒక్కొక్క చిత్రగీతమునకు సంగీతదర్శకుడు, గాయకులు, కొన్నిచోటుల గీతరచయితయు కర్తలుగ నమోదగుదురు. అందుచే స్వతంత్రముగ పాడు తెలుగు గాయకునికి చుట్టములను వెదకబోయిన మొదట కనబడునవి చిత్రరంగపు పెద్దపేర్లు. వానిని దాటి క్రిందికి పోవుటకు ఓపిక కావలెను. భాషయు ఎల్ల కట్టును: తెలుగు మాటలున్న పాటకు పట్టికకర్త తెలుగెఱిగినవాడై యుండుట సహజము. హైదరాబాదున నుండనిండు, అమెరికాలో డల్లాసున నుండనిండు.

వాద్యమునకు ఈ యెల్ల లేదు. వీణ నేర్చుకొను మా విద్యార్థినులకు ఇది ఉత్సాహము కలిగింపవలెను. కాకినాడలో జన్మించిన వైణికుడు చిట్టిబాబుగారు (1936–1996), వారి గురువులైన ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987) వాయించిన వీణను మాటతో పనిలేక ఎవరైనను వినవచ్చును. వీణకు చుట్టములు సితారులోను, వేణువులోను, పరదేశపు హార్పులోను దొరకుదురు. చదువుకొనునప్పుడు వినుటకై మాటలులేని సంగీతమును కూర్చు పట్టికకర్తలు ఎన్నియో దేశములలో కలరు. వారిలో నొకరికి వ్రాయు ఉత్తరము ఈపాటిగ నుండిన చాలును:

“అయ్యా, మీ పట్టికను రెండుమాఱులు పూర్తిగ వింటిని. అందలి నాలుగవదియు పదునొకండవదియు వీణపాటలు. ఆ రెంటికిని దగ్గఱగ నుండు మూడు నిమిషముల వీణపాటను హిందోళరాగమున వాయించితిని. నడక నెమ్మదియైనది, మృదంగము లేదు. వచ్చు శుక్రవారము విడుదల యగును. వీలైనచో వినగోరుచున్నాను.”

పొగడ్తలు వలదు, తన కష్టముల కథ వలదు, జత చేసిన లంకె ఒక్కటియే యుండవలెను. ఇట్టివి ఇరువది వ్రాసినచో రెండుమూడింటికి ప్రత్యుత్తరము వచ్చిన అదియే యెక్కువ. రానివారికి మరల గుర్తుచేయుచు వ్రాయరాదు. రెండవ పాట సిద్ధమైన పిమ్మట వ్రాయవలెను.